లింబాద్రి సంసిద్ధత

మా ఊరికి విదేశ ఉపాధి సంసిద్ధతా మాపన కేంద్రం రావడానికి కారణం మా ఊరివాళ్ళే. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే అది వచ్చేది కాదు.

మా వైపు పల్లెల నుంచి మగవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా గల్ఫ్ దేశాలకు పనికి పోతున్నారు. ఎడారిలో మేడలు కట్టారు, రోడ్లు వేశారు, ఒంటెలు కాశారు. కొందరు పెట్టెల్లో తిరిగి వచ్చారు. ఇంతకాలంలో వాళ్ళకు పోవడం ఇష్టమా కాదా అని ఎవరూ అడగలేదన్న సంగతి రాజధానిలో ఒక పెద్దమనిషికి తట్టింది. ఆయనకు చాలా బాధ కలిగింది. అటువంటివాళ్ళకు బాధ కలిగితే ఒక శాఖ పుడుతుంది. పుట్టింది.

శాఖవాళ్ళు ముందు సర్వే పెట్టుకున్నారు. ఊరు దాటేవాళ్ళను ఊరు దాటే చోటే అడగాలని వాళ్ళ సిద్ధాంతం. అందుకని తెల్లవారగానే బస్సు ఆగే చోట నిలబడి, సంచీ పట్టుకుని వచ్చిన ప్రతి మనిషినీ "ఎక్కడికి వెళ్తున్నారు?" అని అడగడం మొదలుపెట్టారు.

బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. మా ఊళ్ళో ఇది నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. అడిగితే పోయే పని చెడుతుంది. ఇంటికి తిరిగి పోయి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. కాబట్టి అడిగించుకున్నవాళ్ళు అడిగించుకున్నట్టే వెనక్కి తిరిగారు. నీళ్ళు తాగి వచ్చారు. వచ్చినవాళ్ళను సర్వేవాళ్ళు మళ్ళీ అడిగారు. కోర్టు వాయిదాకు పోయేవాడు తిరిగాడు. పిల్లను చూడ్డానికి పోయే పెళ్ళివారు తిరిగారు. పంటి నొప్పితో దవడ పట్టుకుని వచ్చిన సాయవ్వ దూరం నుంచే అరిచింది.

"ఓ సారూ, నీ కాళ్ళు మొక్కుత, నోరు తెర్వకు! ఇది మూడోపారి వచ్చుడు. నీళ్ళు తాగి తాగి కడుపుబ్బింది."

సర్వేయరు వినయంగా దగ్గరికి వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

బస్సు ఖాళీగా పోయింది. "ఈ గ్రామస్థులు సామానుతో బస్సు వరకు వచ్చి కూడా వెనుదిరుగుచున్నారు. సంసిద్ధత శూన్యము" అని నివేదిక వెళ్ళింది. జిల్లాలో శూన్యం తెచ్చుకున్న ఊరు ఇంకొకటి లేదు. అందుకని కేంద్రం మాకే మంజూరైంది.

దానికి బడిలో ఒక గది తీసుకున్నారు. ఐదో తరగతిని నాలుగో తరగతిలో కలిపారు. రెండూ కలిస్తే తొమ్మిదో తరగతి అయిందని, మా బడికి హైస్కూలు హోదా ఇవ్వాలని పంతులు అన్నాడు. ప్రాంతీయ సంసిద్ధతాధికారి శ్రీ ప్రభంజనరావు నవ్వలేదు. పరిశీలిస్తామన్నాడు.

ప్రారంభోత్సవంలో ఆయన ఇలా సెలవిచ్చాడు.

"సోదర సోదరీమణులారా! ఇన్నాళ్ళూ ఈ ప్రాంతం నుండి శ్రమ ఎగుమతి అయినది. మనసు ఎగుమతి కాలేదు. మనసు లేని శ్రమ పరదేశంలో మన ప్రతిష్ఠకు భంగకరం. కనుక ఇకపై అరవై మార్కుల సంసిద్ధత లేనిదే ఏ కార్మికుడూ విమానం ఎక్కరాదు. ఇది మీ స్వేచ్ఛను కాపాడుటకే."

అందరూ చప్పట్లు కొట్టారు. మైకులో మాట్లాడినవాళ్ళకు చప్పట్లు కొట్టడం మా ఊరి మర్యాద. ఏం మాట్లాడారన్నది తర్వాతి సంగతి.

కొలిచే పద్ధతి కష్టమైనదేమీ కాదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముందుగా అతని పేరున కొన్ని మార్కులు వేసి, మణికట్టుకు ఒక తీగ చుడతారు. తీగ చివర ఒక పెట్టె, పెట్టె మీద ఒక ముల్లు. గుండె గట్టిగా కొట్టుకుంటే ముల్లు లేస్తుంది. ఎదురుగా తెర మీద ముందు అతని సొంత ఇంటి ఫొటోలు చూపిస్తారు. వాటికి ముల్లు లేస్తే అది మమకారం. లేచి ఉన్నంతసేపూ మార్కులు పోతాయి. తర్వాత విదేశాల ఫొటోలు చూపిస్తారు. వాటికి ముల్లు లేస్తే అది సంసిద్ధత. లేచి ఉన్నంతసేపూ మార్కులు వస్తాయి.

మొదట కూర్చున్నవాడు మహిపాల్. సర్పంచ్ బామ్మర్ది. అక్క ఇంట్లో తింటాడు, అక్క ఇంటి ముందు కూర్చుంటాడు, మధ్యలో ఏమీ చేయడు. ఇంటి ఫొటోలకు అతని ముల్లు కదలలేదు. అక్క ఫొటోకు కూడా కదలలేదు. ఈత కొలనులు, గాజు మేడలు కనబడేసరికి ఎగిరి గంతేసింది. తొంభై ఆరు మార్కులు. ప్రభంజనరావు లేచి శాలువా కప్పాడు.

"మరి ఎప్పుడు పోతున్నవ్ మహిపాల్?" అని ఎవరో అడిగారు.

"నేనా? నేను పోతె ఊర్లె ఆదర్శం ఎవరుంటరు?"

ప్రభంజనరావుకు ఇది సబబుగా తోచింది. మహిపాల్‌ను గ్రామ సంసిద్ధతా రాయబారిగా నియమించాడు. కేంద్రంలో కుర్చీ వేశాడు.

కేంద్రం ఎదురిల్లు నాది కాబట్టి నన్ను సాక్షిగా పెట్టుకున్నారు. సాక్షిని కూడా కొలవాలట. కొలిచారు. "ఆపేవారు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. మా ఆవిడ పోయిందని చెప్పాను. దానికి ఇరవై మార్కులు కలిపారు. "చాలా అనుకూలమైన పరిస్థితి సార్ మీది" అన్నాడు మీట నొక్కే కుర్రాడు, నిజంగానే సంతోషించి. ఆమె ఉన్నన్నాళ్ళూ నాకు ఎవరూ ఒక్క మార్కు వేయలేదు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. లింబాద్రి వంతు వచ్చేసరికి నవ్వు ఆగింది.

లింబాద్రి మస్కట్‌లో టైల్స్ వేసే మేస్త్రీ. పన్నెండేళ్ళుగా అక్కడే. రెండేళ్ళకొకసారి సెలవు మీద వస్తాడు. ఈసారి సెలవు అయిపోవచ్చింది. శుక్రవారం విమానం. ఆ రోజు ఎక్కకపోతే ఉద్యోగం పోయినట్టే.

అతని ఇంటి ఫొటోలు ముందురోజే తీసిపెట్టుకున్నారు. అతని గడప కనబడింది. ముల్లు లేచింది. గడప మీద ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న భార్య గంగమణి కనబడింది. ముల్లు ఇంకా లేచింది. కూతురు మన్విత పళ్ళూడిన నోటితో నవ్వుతూ కనబడింది. పెట్టె చప్పుడు చేసింది. ఆఖరికి బర్రె ఫొటోకు కూడా ముల్లు దిగలేదు.

తర్వాత గాజు మేడలు. ముల్లు పడుకుంది.

"ఈ భవనం చూడండి. ఎంత ఎత్తుందో! ఏమీ అనిపించడం లేదా?" అన్నాడు ప్రభంజనరావు.

"గా బిల్డింగు నాకు తెల్సు సార్. అండ్ల బాత్రూములన్నీ నేనే వేసిన. పైపు లీకయితది."

పదకొండు మార్కులు.

"మీకు వెళ్ళడం ఇష్టం లేదు" అన్నాడు ప్రభంజనరావు.

"లేదు సార్."

"మరెందుకు వెళ్తున్నారు?"

"పనున్నది సార్."

"ఇష్టం లేకుండా పన్నెండేళ్ళు ఎలా వెళ్ళారు?"

"ఇమానం ఎక్కి."

"అది గతం. గతం మా పరిధిలోకి రాదు. మేము కొలిచేది సంసిద్ధత."

"శుక్రారం నేను ఆడ దిగకుంటె నా జాగల ఇంకోన్ని పెట్టుకుంటరు సార్. మల్ల అసొంటి పని దొర్కది."

"చూశారా, మీ మాటల్లో ఎక్కడా ఉత్సాహం లేదు."

లింబాద్రికి కోపం రాదు. ఆ రోజు కొంచెం వచ్చింది. "ఇష్టముండి ఎవడు పోతడు సార్? ఇష్టమున్నోడు గాడ కూసున్నడు సూడున్రి" అని మహిపాల్ వైపు చెయ్యి చూపించాడు.

మహిపాల్ శాలువా సర్దుకున్నాడు.

ప్రభంజనరావు చెడ్డవాడు కాడు. చెడ్డవాడయితే ఏదో ఒకటి చేతిలో పెట్టి బయటపడవచ్చు. ఆయన మంచివాడు, పైగా పుస్తకం చదివినవాడు. తప్పినవారి కోసం శాఖ మమకార నివారణ కార్యక్రమం రూపొందించిందని, అది ఇంటి వద్దే ఉచితంగా జరుగుతుందని చెప్పాడు. భార్య రుచిలేని వంట వండాలి. పిల్లలు తండ్రిని పరాయివాడిలా పిలవాలి. ఇరుగుపొరుగు దురుసుగా మాట్లాడాలి. మూడు రోజుల్లో మమకారం కరగడం ఖాయం.

మర్నాడు మధ్యాహ్నం ప్రభంజనరావు, సాక్షిగా నేను లింబాద్రి ఇంట్లో కూర్చున్నాం. గంగమణి ఉప్పు వేయకుండా పప్పు వండింది. నాకొక ముద్ద పెట్టింది. గోడకు వేసే సున్నం అంతకంటే నయం. లింబాద్రి పళ్ళెం ఖాళీ చేసి మళ్ళీ పెట్టమన్నాడు.

"ఎట్లున్నది?" అంది గంగమణి.

"ఉప్పు లేదు."

"మరి తింటున్నవేందయ్యా! తిట్టు నన్ను. సారు సూస్తున్నడు."

"ఎందుకు తిట్టాలె? ఆడ పన్జేసొచ్చి పదిమందికి నేనే వండుత. ఇంకొకరు వండి పెడ్తె ఉప్పెందుకే నాకు?"

ప్రభంజనరావు రాసుకున్నాడు. మమకారం పెరుగుచున్నది.

అప్పుడు మన్వితను పిలిచారు. ఆ పిల్ల నేర్పినట్టే చేతులు కట్టుకుని నిలబడి, "లింబాద్రి గారూ, మీరు ఎప్పుడు వెళ్తారు?" అంది. లింబాద్రి పగలబడి నవ్వాడు. పిల్లను ఎత్తుకున్నాడు. "మల్లొకపారి అను" అన్నాడు. అది మళ్ళీ అంది. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. గంగమణి తల పట్టుకుంది.

ఇక మిగిలింది ఇరుగుపొరుగు. ప్రభుత్వం తరఫున తిట్టడానికి సాయవ్వను మించినవాళ్ళు దొరకరు. బస్సు దగ్గర నీళ్ళు తాగించిన కోపం ఆమెకు ఇంకా తీరలేదు. ఆ సాయంత్రం లింబాద్రి అరుగు ముందు కొంగు బిగించి నిలబడింది.

"ఏందిరా లింబిగా! నీ మొకం మీద మన్నువడ! దేశాలు తిరిగొచ్చినవ్, పెద్దవ్వకు ఒక సబ్బుబిళ్ళన్న తెచ్చినవార? మీ తాత గింతే, మీ బాపు గింతే, మీ ఇంట పుట్టిన బర్రె గూడ గింతేరా! పాలియ్యకముందే తంతది!"

మొదట ప్రభుత్వం తరఫున మొదలుపెట్టింది గాని, కాసేపటికి సొంత పూనికతో తిట్టింది. లింబాద్రి గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, భజన వింటున్నవాడిలా విన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే మంచినీళ్ళు తెప్పించాడు.

"ఇంక జరసేపు తిట్టు పెద్దవ్వా. ఆడ తిడ్తె నాకు సగమే సమజయితది. గిట్ల కడుపునిండ తిట్టేటోళ్ళు లేరు."

సాయవ్వ బిగించిన కొంగు వదిలింది. వచ్చి అతని పక్కనే అరుగు మీద కూర్చుని ఏడ్చింది. కార్యక్రమం సాగేకొద్దీ మమకారం ముదిరింది.

బుధవారం పొద్దున మళ్ళీ కొలిచారు. మైనస్ నాలుగు.

మార్కులు సున్నాకు కింద ఉండవచ్చునా అన్నది అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు. ప్రభంజనరావు రాజధానికి ఫోన్ చేశాడు. ఫోన్‌లో చాలాసేపు "అలాగే సార్" అన్నాడు. చివరికి, ప్రస్తుతానికి సున్నాగా భావించి, ఆ నాలుగూ వచ్చేసారి మార్కుల్లోంచి మినహాయించాలని ఆదేశం వచ్చింది. వచ్చేసారి అంటే వచ్చే ఏడాది.

గంగమణి ఆ మధ్యాహ్నం నా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడే మాట్లాడింది.

"మామా, ఆయన రాత్రి పండుకుంటలేడు. పోవుడు తప్పుతదని నాకేం బాధ లేదు. ఉంటె ఉంటడు, ఎవరికి చేదు? కని ఈడ ఏం పనున్నది? నా బీడీల మీద కూసొని తినే మనిషి గాదు ఆయన. రెండు నెలలు కూసున్నడంటె మనిషి ఎండిపోతడు. నువ్వు జర నాతోని రా. ఆ సారును ఒక మాట అడగాలె."

వెళ్ళాం. ఆమె కొంగులోంచి ఫోన్ తీసింది.

"సార్, ఇంటి బొమ్మలు మా ఇంటియే పెట్టిన్రు గదా?"

"అవునమ్మా. శాస్త్రీయత కోసం."

"మరి పరదేశం బొమ్మలు ఆయన పరదేశంవి ఎందుకు పెట్టలేదు? ఆ గాజు మేడల్ల ఆయన ఉంటడా? ఆయన ఉండే గది ఇది. ఇది సూపెట్టున్రి."

"ఆమోదిత చిత్రాలు తప్ప..." అని మొదలుపెట్టి ప్రభంజనరావు ఆగాడు. ఆలోచించాడు. ఒకవైపు సొంతవి, ఇంకోవైపు పరాయివి పెట్టి తూచడంలో అసమతుల్యత ఉందని ఆయనకే తోచింది. సమతుల్యత లేదన్న మాట ఆయన భరించలేడు. ఫొటో తీసుకుని, అది నిజంగా విదేశమేనా అని పరీక్షించాడు. కిటికీకి ఏసీ డబ్బా ఉంది. గోడకు అరబ్బీ క్యాలెండర్ ఉంది. విదేశమే అని ధ్రువీకరించాడు. అసమతుల్యతను సవరించే కొలతకు వచ్చే ఏడాది దాకా ఆగనక్కర్లేదని తేల్చాడు.

నేనూ చూశాను. ఇరుకు గది. ఇనప మంచాలు, ఒకదానిపై ఒకటి. తాళ్ళ మీద ఆరేసిన లుంగీలు. పై మంచం లింబాద్రిది. ఆ మంచం పక్క గోడకు, దిండు దగ్గర, గంగమణి, మన్విత కలిసి జాతరలో తీయించుకున్న ఫొటో అతికించి ఉంది. అక్కడ అందరూ అట్లాగే అతికించుకుంటారట. తెల్లవారి కళ్ళు తెరిస్తే మొదట అదే కనబడాలని.

గురువారం లింబాద్రిని మూడోసారి కూర్చోబెట్టారు. అతనికి ఏమీ చెప్పలేదు. ఇంటి ఫొటోలకు ముల్లు ఎప్పటిలాగే లేచింది, కాసేపటికి దిగింది. తర్వాత ఆ గది వచ్చింది.

ముల్లు లేచి చివరి మేకుకు తగిలి టక్కుమంది. అక్కడే ఉండిపోయింది. కుర్రాడు పెట్టెను తట్టాడు. దిగలేదు. లింబాద్రి తెర వైపే చూస్తున్నాడు. మార్కులు పడుతూనే ఉన్నాయి. పోయినవన్నీ వచ్చాయి, మైనస్ నాలుగు తీరింది, అరవై దాటింది. తొంభై ఎనిమిది దగ్గర కుర్రాడే భయపడి తెర ఆపేశాడు.

ప్రభంజనరావు కళ్ళు చెమర్చాయి. "మమకార నివారణ ఫలించింది! లింబాద్రి గారూ, చెప్పండి. ఈ విదేశీ నివాసంలో ఏ అంశం మిమ్మల్ని ఇంతగా ఆకర్షించింది?"

లింబాద్రి తీగ విప్పుకున్నాడు.

"గోడ సార్."

ప్రభంజనరావు రాసుకున్నాడు. గోడలు.

శాలువా ఒకటే ఉంది. మహిపాల్ ఇవ్వలేదు. లింబాద్రి అడగలేదు. సర్టిఫికెట్ తీసుకుని, శుక్రవారం విమానం ఎక్కి పోయాడు.

మామూలు శాఖ అయితే అక్కడితో ఊరుకునేది. ఇది ఊరుకోలేదు. సున్నా కంటే కింద ఉన్న మనిషిని తొంభై ఎనిమిదికి తెచ్చిన గది ఊరికే పోకూడదన్నారు. దాని నకలు ప్రతి కేంద్రంలో కట్టాలని, దానికి ప్రేరణా మందిరం అని పేరు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. మొదటిది మా ఊళ్ళోనే. మూడో తరగతి కూడా పోయింది.

ఫొటోలో ఉన్నది ఉన్నట్టు కట్టారు. అవే ఇనప మంచాలు, అవే తాళ్ళు. తాళ్ళకు ప్రభుత్వం కొన్న లుంగీలు. అరబ్బీ క్యాలెండర్ తెప్పించారు. గోడ మీది ఫొటో కూడా పెద్దది చేయించి, సరిగ్గా ఆ చోటే అతికించారు. అదెందుకని నేను ప్రభంజనరావును అడిగాను.

"ఏ అంశం పనిచేసిందో మనకు తెలియదు. కనుక ఏ అంశాన్నీ తొలగించరాదు" అన్నాడు. ఆయన తప్పు మాట్లాడలేదు.

ఊళ్ళో మగవాళ్ళను ఒక్కొక్కరినే ఆ పై మంచం ఎక్కించి తీగ చుట్టారు. ఎవరికీ ముల్లు లేవలేదు. ఇంకొకరి భార్య ఫొటో చూసి గుండె కొట్టుకుందని అనిపించుకోవడానికి మా ఊళ్ళో ఎవరూ సిద్ధంగా లేరు. మంచం ఎక్కగానే అందరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మహిపాల్ మాత్రం నిచ్చెన మూడో మెట్టు మీదే ఆగి, ఏసీ ఎప్పుడు వేస్తారని అడిగాడు.

ఒకరోజు మధ్యాహ్నం, బడి పిల్లలు అన్నం తింటున్నప్పుడు, గంగమణి వచ్చింది. బీడీల చాట అరుగు మీద పెట్టింది.

"సార్, నేను జర లోపలికి పోయి సూడొచ్చా?"

"తప్పకుండా అమ్మా. కాకపోతే తీగ లేకుండా మంచం ఎక్కరాదు. నిబంధన."

చెయ్యి చాపింది. కుర్రాడు తీగ చుట్టాడు. ఆమె నిచ్చెన ఎక్కి, లింబాద్రి పడుకునేటట్టు గోడ వైపు తిరిగి పడుకుంది. దిండు మీద తల పెట్టి చూసింది. తన ముఖమే. జానెడు దూరంలో. పక్కన పళ్ళూడిన మన్విత.

చెయ్యి చాపి ఫొటో అంచు తడిమింది.

"పన్నెండేండ్ల సంది గిట్లనా" అంది, గోడతో.

ముల్లు లేచి మేకుకు తగిలింది. దిగలేదు. కుర్రాడు అలవాటు కొద్దీ పెట్టెను తట్టి, తర్వాత తట్టడం మానేశాడు.

ప్రభంజనరావు ఆనందానికి అంతులేదు. మహిళల్లో ఇంతటి సంసిద్ధత రాష్ట్రంలోనే ప్రథమమన్నాడు. అక్కడికక్కడే సర్టిఫికెట్ రాయించి, తన చేత్తో సంతకం పెట్టి, మంచం మీదికి అందించాడు.

"అమ్మా, అభినందనలు. మీరు నూటికి నూరు శాతం విదేశాలకు సంసిద్ధులు."

ఆమె ఆ కాగితం తీసుకోలేదు. తల తిప్పలేదు.

"కాయితం వద్దు సార్. ఇంక జరసేపు పండనియ్యున్రి."

ప్రభంజనరావు నిబంధనల పుస్తకం తెరిచాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కొలత పూర్తయిన మనిషి మంచం మీద ఉండవచ్చునని అందులో ఎక్కడా లేదు. ఉండకూడదని కూడా లేదు. పుస్తకం మూసి, చెప్పులు చప్పుడు కాకుండా బయటికి వచ్చి, నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.